అమ్మకమునకు సిద్ధపడుట అపశకునమా?

మన పట్టణములలోని వర్తకులయందును, చిన్న పరిశ్రమల యజమానులయందును ఒక అభిప్రాయము చిరకాలముగా వేరూని యున్నది. నడుచుచున్న వ్యాపారమును అమ్మవలెనను తలంపు మనస్సునకు రానీయరాదనియు, వచ్చినను పైకి పొక్కనీయరాదనియు, నిజముగా అమ్మవలసిన దినము వచ్చినప్పుడు కొనువాడే వెదకికొని వచ్చుననియు, వచ్చిన పిమ్మట ఆడిటరును పిలిచి నెల దినములలో కాగితములన్నియు చక్కబెట్టుకొనవచ్చుననియు దాని సారాంశము. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలోను, గుంటూరు మిర్చి శీతల గిడ్డంగులలోను, విజయవాడ ఆటోనగరు కార్ఖానాలలోను ఈ మాటయే వినవచ్చును. చదువుకొన్న కుమారులు కూడ తండ్రుల యెదుట దీనికి తల యూపుదురు. ఇది లోకజ్ఞానమని చెలామణి యగుచున్నది గాని, విచారించి చూచినచో ఇందు నిలువదగిన అంశము దాదాపు లేదు. పైగా ఇది నిరపాయకరమైన భ్రమ కాదు. ముప్పది నలువది యేండ్ల కష్టార్జితము సగము ధరకు పోవుటకును, అన్నదమ్ములు న్యాయస్థానముల మెట్లెక్కుటకును, జీవితమంతయు ఒకే మిల్లులో వెచ్చించిన గుమస్తాలు వట్టి చేతులతో ఇంటికి పోవుటకును ఇదియే మూలమగుచుండుటచేత, దీనిని మొగమోటము లేక ఖండింపవలసి యున్నది.

అమ్మకమును గూర్చి తలచుటయే అమంగళమనువారి మాటను మొదట పరిశీలింతము. ఇంటిలోని లక్ష్మిని చేజేతుల సాగనంపినట్లగునని పెద్దలు బెదరింతురు. బజారులో పలుచనగుదుమని పిన్నలు జంకుదురు. అమ్ముట యనగా దివాలా తీయుటకు మారుపేరని ఇరువురి నమ్మకము. కాని యే వ్యాపారమైనను యజమాని చేతినుండి ఒకనాడు తొలగక తప్పదు. అది యెవరి చేతి మీదుగా, ఏ షరతులపై తొలగవలెననునంతవరకే మన నిర్ణయమునకు లోబడినది. యజమాని తాను అమ్మనిచో వారసులు అమ్ముదురు; వారసులు కలహించుకొన్నచో బ్యాంకు అమ్మును. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టము 42వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనప్పుడు, ఒక భాగస్వామి మరణముతోనే సంస్థ రద్దగును. తండ్రులనాడు స్టాంపు కాగితముపై వ్రాసికొన్న భాగస్వామ్య పత్రములో ఆ యొప్పందము కలదో లేదో తీసి చూచుకొన్నవారెందరు? 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద, అప్పు మొండిబాకీగా మారిన పిమ్మట, బ్యాంకు అరువది దినముల నోటీసు ఇచ్చి, తాకట్టు పెట్టిన మిల్లును సివిలు దావా వేయకుండగనే స్వాధీనపరచుకొని వేలము వేయగలదు. దినపత్రికలలో వెలువడు ఆ స్వాధీన ప్రకటనలను చూడుడు: బాకీ యెంతయో, సర్వే నంబరేదో, నాలుగు సరిహద్దు లెవ్వియో అందుండును. ఆ మిల్లు పేరునకు మార్కెట్టులో రెండు తరములుగా నున్న పరపతికి అక్కడ విలువ కట్టువారుండరు. యంత్రములు తుక్కు లెక్కన, భూమి గజముల లెక్కన పోవును. శకునమునకు వెరచి కన్నులు మూసికొన్నవాని మిల్లు అమ్ముడుపోక నిలుచుననుకొనుట భ్రాంతి. అది పరుల చేత అమ్మబడును, అంతియే.

ఖాతాలను గూర్చిన భ్రమ ఇంతకంటె బలమైనది. బేరములు చెడిపోవునది ప్రధానముగా ఇక్కడనే గనుక, దీనిపై కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. వ్యాపారమున్నచోట రెండు లెక్కలుండుట సహజమనియు, కొనువానిని ఏకాంతముగా కూర్చుండబెట్టి అసలు లాభము ఇంతయని చెప్పినచో గ్రహించుననియు, అతడును వర్తకుడే గదా యనియు మనవారి ధైర్యము. బియ్యపు మిల్లునే తీసికొందము. ధాన్యము ఆడించినప్పుడు బియ్యముతోపాటు నూకయు, తవుడును, ఊకయు వచ్చును. తవుడు నూనె కర్మాగారములకు పోవును. ఊక బాయిలర్లకును ఇటుక బట్టీలకును పోవును. నూక దాణాకు పోవును. వీనిలో కొంత రొక్కమునకు అమ్మి, చిట్టాకెక్కింపక, ఇంటి ఖర్చులకు వాడుకొనుట పలువురకు తప్పుగా తోచదు. ఆ రొక్కమే తమ అసలు లాభమని, దానికిని వెల కట్టవలెనని అమ్మకపు నాడు వారు కోరుదురు.

కొనువాని వైపునుండి ఆలోచింపుడు. అతడు కేవలము తన రొక్కముతో కొనడు, ఋణము తీసికొనును. ఋణమిచ్చు బ్యాంకు చూచునది గడచిన సంవత్సరముల ఆదాయపు పన్ను రిటర్నులను, జీఎస్టీ రిటర్నులను, ఆడిటైన ఆస్తి అప్పుల పట్టీని. చెవిలో చెప్పిన లాభముపై అప్పిచ్చు బ్యాంకు ఈ భూమిపై లేదు. ఇంతకు మించిన చిక్కు మరియొకటి కలదు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టము 85వ సెక్షను ప్రకారము, వ్యాపారము చేతులు మారునాటికి పాత యజమాని చెల్లింపవలసియున్న పన్నుకు, వడ్డీకి, జరిమానాకు కొన్నవాడును ఉమ్మడిగా బాధ్యుడగును. కనుక దాచిన లాభమును గూర్చి అమ్మువాడు పలుకు ప్రతి మాటయు కొనువాని చెవికి రాబోవు బాధ్యతగానే వినబడును. ప్రభుత్వమును వంచించితినని తన నోటనే చెప్పుకొన్నవాడు రేపు తనను వంచింపడని అతడేల నమ్మవలెను? ప్రభుత్వపు ధాన్యము మర ఆడించి యిచ్చు మిల్లులలోనైతే ఇది మరింత స్పష్టము. క్వింటాలు ధాన్యమునకు పచ్చి బియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు అప్పగింపవలెనను నియమము కలదు. ఇంకను అప్పగింపవలసినది ఎంతయో ఆ లెక్క పౌరసరఫరాల శాఖవారి యొద్ద భద్రముగా నుండును. కొనువాడు అడుగు మొదటి ప్రశ్న అదియే. ఆ బకాయి తేలనిదే అతడు బయానా యీయడు.

లెక్క వేసి చూతము. ఒక లక్ష రూపాయల లాభమును ఏటేట దాచు భాగస్వామ్య సంస్థకు, సర్‌ఛార్జిని సెస్సును విడిచి చూచినచో, నూటికి ముప్పది చొప్పున ముప్పదివేల పన్ను మిగులును. కొనువాడు వార్షిక లాభమునకు ఐదింతలు వెల కట్టుననుకొందము. చూపని ఆ లక్షకు అమ్మునాడు ఐదు లక్షలు తరుగును. అమ్మకమునకు ముందు మూడేండ్లు దాచినవాడు తొంబదివేలు మిగిల్చుకొని ఐదు లక్షలు పోగొట్టుకొన్నవాడగును. ఇరువది యేండ్లు దాచినవానికి ఆరు లక్షలు మిగిలెను గదా యని యెదురు ప్రశ్న వేయువారు గలరు. ఆ ప్రశ్నకు జడియవలసిన పనిలేదు. దాచినవాని అమ్మకముల మొత్తము కాగితముపై చిన్నది. దానికి దొరకు ఋణమును చిన్నదే. ఆ ఋణముతో పాత యంత్రములే తిరుగుచుండగా, పొరుగు మిల్లువాడు సార్టెక్సు యంత్రము దింపి, నల్లగింజ లేని బియ్యము పంపి, మంచి గిరాకీనంతయు తన వైపు త్రిప్పుకొనును. ఆ ఇరువది యేండ్లలో జరుగకపోయిన యెదుగుదలను ఆరు లక్షలలోనుండి తీసివేసి చూచుకొనుడు. ఇవియన్నియు విడిచినను, అది ప్రజల సొమ్మనియు, దానిని దాచుట తప్పనియు చెప్పుటకు నేను సంకోచింపను. వర్తకుల సభలలో ఈ మాటను పలుకుటకు ఇప్పుడెవ్వరును ముందుకు రాకుండుట మనకు గౌరవము తెచ్చు విషయము కాదు.

ఆడిటరు నెలలో చక్కబెట్టునను వాదము ఇక్కడనే కూలిపోవును. అతడు చక్కబెట్టగలిగినది వర్తమానమును. మూడేండ్ల నిజమైన చరిత్రను అతడు వెనుకకు పోయి సృష్టింపలేడు. సృష్టించినచో అది నేరము. దాచి అమ్మినవారికి అమ్మకముతోనే పని తీరిపోదనుటకు రాన్‌బాక్సీ ఔషధ సంస్థ ఉదంతమే సాక్ష్యము. 2008లో జపాను దేశపు దైచీ సాంక్యోకు తమ వాటాలనమ్మిన ఆ సంస్థ ప్రధాన వాటాదారులు, అమెరికా ఔషధ నియంత్రణ శాఖ విచారణల తీవ్రతను దాచిపెట్టిరని సింగపూరు మధ్యవర్తుల మండలి 2016లో నిర్ణయించి, 2,500 కోట్ల రూపాయలకు పైగా చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. అది షేరుమార్కెట్టులోని పెద్ద కంపెనీ యగుగాక, సూత్రము మిల్లునకును అదియే. ఇందుకు భిన్నమైన మార్గమును మన ఆంధ్రదేశముననే చూడవచ్చును. ఇక్కడ పుట్టి పెరిగిన ప్రైవేటు పాడి సంస్థ తిరుమల మిల్క్ ప్రాడక్ట్స్ 2014లో ఫ్రాన్సు దేశపు లాక్టాలిస్ చేతికి పోయినది. అంతకు నాలుగేండ్ల ముందే, 2010లో, అమెరికా పెట్టుబడి సంస్థయైన కార్లైల్ అందులో కొద్దిపాటి వాటా కొనియుండెను. పరుని సొమ్ము లోనికి వచ్చినప్పుడు పరుని కన్నును లోనికి వచ్చును. ఆ కంటికి జవాబు చెప్పుకొనుచు నాలుగేండ్లు నడచిన సంస్థ ఖాతాలను విప్పి చూచుటకు ఏ దేశపు కొనుగోలుదారుడును జంకవలసిన పనిలేదు. మన ప్రాంతపు చిన్న వ్యాపారములను కొనువారే లేరను నిట్టూర్పునకు కూడ ఈ ఉదాహరణమే సమాధానము. పల్లెపల్లెను పాలు సేకరించిన సంస్థను వెదకికొని ఖండాంతరమునుండి కొనువాడు వచ్చెను గదా.

ఇక యజమానుల అభిమానమునకు సంబంధించిన వాదమొకటి కలదు. చూచుటకు గౌరవకరముగా నుండుటచే దానిని తప్పనుటకు ఎవ్వరికిని నోరు రాదు. నా వ్యాపారమునకు నేనే పెట్టుబడి, నా మొగము చూచి రైతు ధాన్యము తెచ్చును, నా మాటపై దుకాణదారుడు అరువు పుచ్చుకొనును, నేను లేనిదే మిల్లు ఒక పూట నడువదు — ఈ విధముగా చెప్పుకొని పొంగిపోవువారు మనలో ఎందరో. ఆ మాటలో సత్యమెంత యున్నదో అమ్మకమునకు హానియు అంతయే యున్నది. కొనువాడు ఆ మొగమును కొనలేడు. ఏ రైతుకు ఎంత బాకీ యున్నదో, ఏ దుకాణమువాడు ఎన్నాళ్లకు చెల్లించునో, బస్తా ధరలో ఎవరికెంత తగ్గింపవచ్చునో, ఇవి యజమాని తలలో తప్ప ఆవర్జాలో లేనప్పుడు, తాళపుచెవులు చేతులు మారిన మరునాడే ఆ వ్యాపారము సగము మాయమగును. సిద్ధపాటనగా గోడలకు సున్నము వేసి యంత్రములకు రంగు పూయుట కాదు. తలలో నున్నదానిని పుస్తకమునకెక్కించుట, తాను చేయు నిర్ణయములను ఒక మేనేజరుకో పెద్ద గుమస్తాకో క్రమముగా అప్పగించుట, ఆ నిర్ణయము తప్పినప్పుడు వెంటనే లాగికొనక ఓర్చుకొనుట, చివరకు తాను ఊరిలో లేని దినములలో మిల్లు ఉన్నట్లే నడుచుచున్నదని చూచుకొనుట, సిద్ధపాటని నేననునది ఇది. అభిమానము గల యజమానికి ఇది మిక్కిలి బాధాకరమైన సాధన. రెండు మూడేండ్లకు తక్కువ కాలములో ఇది సిద్ధించుట నేనెరుగను.

పరపతి మనిషినుండి వేరుపడదగినదేనని చట్టము ఎన్నడో గుర్తించినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను, వృత్తివ్యాపారములను నిరోధించు ఒప్పందములు చెల్లవని చెప్పుచునే, పరపతిని అమ్మినవాడు నిర్ణీత ప్రాంతమున అదే వ్యాపారము చేయనని ఒప్పుకొన్నచో, ఆ పరిమితి సమంజసమైనంతవరకు చెల్లునని మినహాయించినది. బెంగుళూరు ఎంటీఆర్ ఫుడ్స్ 2007లో నార్వే దేశపు ఓర్క్లా చేతికి పోయినప్పుడు, ఆ పేరునకు మూలమైన ఫలహారశాల కుటుంబమువద్దనే నిలిచినది. సంస్థను పెంచిన సదానంద మయ్య కొంతకాలము ఆగి తరువాత తన యింటి పేరుతోనే మరల ఆహార పరిశ్రమ నెలకొల్పెను. ఏది అమ్మవలెను, ఏది ఉంచుకొనవలెనని ముందే వేరు చేసికొన్నవారికే ఇట్టి ఏర్పాటు సాధ్యము. అమ్మినచో పేరు చచ్చిపోవునని కన్నీరు పెట్టువారికి రమేశ్ చౌహాన్ 1993లో కోకాకోలాకు అమ్మిన పానీయముల చరిత్రను చూపుదును. అందు గోల్డ్‌స్పాట్‌ను కొన్నవారు ఆపివేసిరి. థమ్సప్ నేటికిని ప్రతి కిల్లీకొట్టులో కనబడుచున్నది. పేరు బ్రతుకుటకును చచ్చుటకును అమ్మకము కారణము కాదు. కొనువాని ప్రయోజనమునకు ఆ పేరు ఎంతవరకు అవసరమను దానిపై అది ఆధారపడును. దానిని విచారించి కొనువానిని ఎన్నుకొనుటకు వ్యవధి కావలెను. వ్యవధి లేనివాడు మొదట తలుపు తట్టినవానికే అమ్మును.

కాగితముల దురవస్థ అందరెరిగినదే. మిల్లు భాగస్వామ్య సంస్థ పేర నుండును, క్రింది భూమి తండ్రి పేర నుండును, గోదాము మేనమామ పేర నుండును, విద్యుత్ మీటరు గతించిన తాతగారి పేరనే తిరుగుచుండును, బస్తాపైని గుర్తు ఎవరి పేరను రిజిస్టరు కాక యుండును. ఇంటివారు కలిసియున్నంతకాలము దీనివలన బాధ తెలియదు. కొనువాని వకీలు వచ్చిననాడు ఒక్కొక్కటియు ఒక్కొక్క అడ్డుగోడ యగును. సేద్యపు భూమిని సేద్యేతర వినియోగమునకు మార్చినప్పుడు నాలా అనుమతి పొందిరా? అసైన్డు భూమి యేమైన కలిసియున్నదా? కలిసియున్నచో 1977 నాటి బదిలీ నిషేధ చట్టము అడ్డుపడవచ్చును. బాయిలరు ధ్రువపత్రము, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఫ్యాక్టరీ లైసెన్సు ఎవరి పేర, ఏ తేదీ వరకు? విడివిడి ఆస్తులకు వెల కట్టక సంస్థనంతటిని గంపగుత్తగా అమ్ము పద్ధతికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 50బి సెక్షనులో ప్రత్యేకమైన ఏర్పాటు చేసి, ముప్పదియారు మాసములకు మించి నడచిన సంస్థ విషయమున ఆ లాభమును దీర్ఘకాలిక లాభముగా పరిగణించిరి. కాని భూమి సంస్థది కానప్పుడు ఆ గంపలో భూమి పడదు. తహసీలుదారు కార్యాలయములో ఒక్క పేరు మార్పునకే ఎంత కాలము పట్టునో అనుభవించినవారే, సమస్తమును నెలలో సవరింతుమనుట విచిత్రము.

వీనియన్నిటికంటె నన్ను కలచివేయునది ఆడపడుచుల సంతకముల విషయము. క్రయపత్రము సిద్ధమైన పిమ్మట, రిజిస్ట్రేషనుకు ముందటి రాత్రి, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న చెల్లెలికి ఫోను చేసి, “ఒక్క సంతకం పెట్టి వెళ్లమ్మా” అనుట మన యిండ్లలో మర్యాదగా చెల్లుచున్నది. ధర యెంతయో ఆమెకు చెప్పరు, తన భాగమెంతయో అంతకంటె చెప్పరు. పసుపు కుంకుమల పేర ఏనాడో ఇచ్చిన దానితో ఋణము తీరెనని అన్నలు తీర్మానించుకొందురు. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండియే, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానముగా జన్మతః హక్కు కలిగినది. దేశమంతటను 2005 సెప్టెంబరు 9 నుండి ఆ హక్కు వ్యాపించినది. ఆ తేదీకి తండ్రి జీవించియుండవలసిన నియమము లేదని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020లో తేల్చినది. మిల్లు ఉమ్మడి ఆస్తిపై నెలకొన్నదైనచో ఆమె సంతకము అన్నలకు చేయు ఉపకారము కాదు. తన సొత్తును అమ్ముటకు ఆమె యిచ్చు అనుమతి. ఆమె కాదన్ననాడు కొనువాడు బయానా వాపసు పుచ్చుకొని పోవును; ఆ తప్పు ఆమెదని ఇంటిల్లిపాదియు నిందించుట అన్యాయములలోకెల్ల అన్యాయము. బేరమునకు సంవత్సరముల ముందే ఆమెను పిలిచి, ఖాతాలు ముందుంచి, భాగము తేల్చి వ్రాసికొనుటకు ఏ శకునము అడ్డుపడుచున్నదో నాకర్థము కాలేదు.

రహస్యమును గూర్చిన హెచ్చరికలో మాత్రము కొంత నిజము కలదు. బేరము కుదురకముందే సంగతి బజారుకెక్కినచో పోటీదారులు దానిని వాడుకొందురు, అప్పులవారు త్వరపడుదురు. ఆ మేరకు గోప్యత అవసరమే. కాని ఆ గోప్యతను మిల్లులోనివారిపైననే ప్రయోగించుటను నేనంగీకరింపను. పెద్ద గుమస్తాకును, బాయిలరు మేస్త్రీకిని యజమాని నోట తెలియని సంగతి దళారి నోట తెలియును. తెలిసిన మరునాడే వారిలో సమర్థులు పొరుగు మిల్లులో పని వెదకికొందురు, కొనువానికి వట్టి యంత్రములు మిగులును. సంస్థ చేతులు మారినప్పుడు, సేవకు భంగము లేక, షరతులు తగ్గక కొత్త యజమాని క్రింద కొనసాగిననే తప్ప, ఏడాదియైన పనిచేసిన కార్మికునికి పరిహారమీయవలెనని 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము 25ఎఫ్ఎఫ్ సెక్షను విధించినది. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఆ సూత్రమును నిలుపుకొన్నది. ఐదేండ్ల సేవ నిండినవానికి ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున గ్రాట్యుటీ 1972 నుండి హక్కుగా నున్నది. మూడు నాలుగేండ్లు ముందుగా సిద్ధపడిన యజమాని ఏటేట కొంతకొంతగా ఆ సొమ్మును వేరుపరుపగలడు. నెలలో సిద్ధపడినవాడు దానిని కొనువాని తలపై వేయజూచును. కొనువాడు అది పాతవాని బాధ్యత యనును. ఇరువురి నడుమ, ముప్పది యేండ్లు తూకపు చిట్టా వ్రాసిన గుమస్తా రెండు గుమ్మముల చుట్టు తిరుగును. అమ్మవలెనను తలంపు కలిగిన యజమాని దళారికంటె ముందు పిలువవలసినది ఆ గుమస్తాను. అతని సేవాకాలమెంతయో, అతనికి రావలసినదెంతయో కాగితముపై వ్రాసి, సంతకము చేసి చేతికిచ్చి, ఆ మొత్తమును బ్యాంకులో వేరు ఖాతాకు జమకట్టవలెను.